పిల్లల నడకే మన వేగం

ఏశావు నాలుగు వందలమందితో ఎదురొచ్చాడు. ఇరవై ఏళ్ల పగ కరిగి అన్నదమ్ములు కౌగిలించుకున్నారు. కలిసి ప్రయాణిద్దామన్నాడు అన్న. పిల్లలు పసివాళ్లని, తొందరపెట్టి తోలితే మంద ఒక్కరోజులోనే చచ్చిపోతుందని చెప్పి, వారి నడకకు తగ్గట్టు మెల్లగా వస్తానన్నాడు యాకోబు (ఆదికాండము 33). బలవంతుల వేగానికి పసివాళ్లను పరుగెత్తించలేదాయన.

నెదర్లాండ్స్ దేశం ఈ పాఠాన్ని కన్నీళ్లతో నేర్చుకుంది. 1971లో అక్కడి రోడ్లపై సుమారు 3,300 మంది చనిపోతే వారిలో 400 మందికి పైగా పిల్లలే. ప్రమాదంలో కూతుర్ని పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హోఫ్ అనే పాత్రికేయుడు 1972లో ‘పిల్లల హత్యలు ఆపండి’ అంటూ వ్యాసం రాశాడు. అదే ఉద్యమం పేరైంది. తల్లిదండ్రులు, పిల్లలు సైకిళ్లతో వీధుల్లోకొచ్చారు. 1976లో నివాసవీధుల కోసం ప్రత్యేక నిబంధనలొచ్చాయి. అక్కడ పిల్లలు రోడ్డుమీదే ఆడుకోవచ్చు, వాహనాలు మాత్రం చాలా నెమ్మదిగానే వెళ్లాలి. ఈనాడు ఆ దేశంలో పిల్లలు సైకిల్ మీద బడికెళ్లడం మామూలు విషయం.

మరి మన వీధుల్లో? సైకిల్ తొక్కే పిల్లాడు పడితే ‘చూసుకోవద్దా?’ అని వాణ్ణే గద్దిస్తాం. దూసుకొచ్చే వాహనం ఎంత వేగంగా వస్తోందో, ఎంత దూరంలో ఉందో ఏడెనిమిదేళ్ల పిల్లలు సరిగా అంచనా వేయలేరు. ఆ లోటు పూడ్చవలసింది వాహనం నడిపే పెద్దవాళ్లే. ఆరాధనకు ఆలస్యమైందని పిల్లలున్న వీధిలో దూసుకెళ్లే విశ్వాసీ, దేవుడు నీకోసం ఐదు నిమిషాలు ఆగుతాడు. ఆ పసివాడి కోసం నువ్వు ఆగలేవా?