కాఫీ షాపు బయటి టేబుళ్ల దగ్గర కూడా సిగరెట్ బంద్.. కస్టమర్ల కోపం ఎవరి మీద?

కాఫీ షాపు లోపల సిగరెట్ కాల్చొద్దంటే ఈ రోజుల్లో పెద్దగా ఎవరూ పేచీ పెట్టడం లేదు. గొడవంతా ఇప్పుడు బయట వేసిన నాలుగు టేబుళ్ల దగ్గరే. నెత్తిన కప్పు లేదు, పక్కన గోడ లేదు, గాలి ఆడుతూనే ఉంది. ఇక్కడ కూడా వద్దంటే ఎలా అని పొగతాగేవాళ్లు అడుగుతున్నారు. పిల్లలతో వచ్చేవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం ఈ మాట ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతున్నారు. ఇద్దరూ డబ్బులిచ్చే కస్టమర్లే. యజమాని ఎవరి పక్షం తీసుకోవాలి?

ఈ ప్రశ్న పెద్ద ఎత్తున ముందుకొచ్చింది 2013లో. ఆ ఏడాది జూన్ 1 నుంచి అమెరికా, కెనడాల్లో స్టార్‌బక్స్ సంస్థ తాను స్వయంగా నడిపే షాపులకు 25 అడుగుల దూరం వరకు పొగతాగడాన్ని నిషేధించింది. ఒక్క అమెరికాలోనే సుమారు 7 వేల షాపులు. బయట కుర్చీలు వేసినా, గొడుగులు పెట్టినా ఆ హద్దులోకి వస్తే సిగరెట్ ముట్టించకూడదు. అయితే ఈ 25 అడుగులూ అన్ని చోట్లా 25 అడుగులు కావు. షాపుకి లీజు ఎంత వరకు ఉందో నిషేధం కూడా అంత వరకే. ఆ గీత దాటితే అది ఊరి పేవ్‌మెంటు, అక్కడ కంపెనీ మాట చెల్లదు.

25 అనే అంకె కూడా కొత్తదేం కాదు. స్టార్‌బక్స్ పుట్టిన వాషింగ్టన్ రాష్ట్రంలో 2005లోనే ఓటర్లు ఒక చట్టాన్ని ఆమోదించారు. దాని ప్రకారం రెస్టారెంట్ల లాంటి చోట్ల తలుపులకు, తెరిచే కిటికీలకు, గాలి గొట్టాలకు 25 అడుగుల లోపు పొగతాగకూడదు. అక్కడి జనానికి అలవాటైన హద్దునే మిగతా దేశం 2013లో చూసింది.

ఇక్కడో చిన్న విచిత్రం ఉంది. స్టార్‌బక్స్ తన షాపుల లోపల సిగరెట్‌ను చట్టాల కంటే చాలా ముందే ఆపేసింది. మొదటి కారణం మనుషుల ఆరోగ్యం కాదు, కాఫీ వాసన. కాఫీ గింజలు చుట్టూ ఉన్న వాసనలను పీల్చుకుంటాయని, అందుకే పొగ వద్దన్నామని, ఉద్యోగులను కూడా సెంట్లు పూసుకురావద్దన్నామని సంస్థను పెంచి పెద్ద చేసిన హోవార్డ్ షుల్ట్జ్ 1997లో వచ్చిన తన పుస్తకంలో రాసుకున్నారు. అంటే ముందు గింజలను కాపాడారు, ఆ తర్వాత లోపలి మనుషులను, చివరికి బయట కూర్చున్నవాళ్లను.

కస్టమర్ల స్పందన ఊహించినట్టే రెండుగా చీలింది. చాలామంది సంతోషించారు. ఎండ పూట బయట కూర్చుందామంటే పక్క టేబుల్ పొగ మొహాన కొట్టే బాధ తప్పిందన్నారు. పొగతాగేవాళ్ల వాదనలు మూడు రకాలు. ఒకటి, కాఫీ సిగరెట్ జోడీని విడదీస్తే ఇక ఆ షాపుకి ఎందుకు రావాలి అన్నది. రెండోది, పక్కనే రోడ్డు మీద బస్సులు, లారీలు వదిలే పొగ ఏమీ చేయదా అన్నది. మూడోది, పేవ్‌మెంటు కంపెనీ సొంతమా అన్నది.

మూడో వాదనలో న్యాయం ఉంది. అందుకే కంపెనీ కూడా లీజు గీత దగ్గరే ఆగింది. రెండో వాదన మాత్రం వినడానికి బాగుంటుంది గానీ నిలబడదు. రోడ్డు పొగ చెడ్డదైతే దానికి ఇంకో పొగ కలపడం మందు కాదు కదా. పైగా బస్సు వచ్చి పోతుంది. పక్క కుర్చీలో సిగరెట్ ఒకటి ఆరగానే ఇంకొకటి వెలుగుతుంది.

ఇంతకీ ఆరుబయట పొగ నిజంగా అంత హాని చేస్తుందా, లేక వాసన నచ్చక గోల చేస్తున్నారా? దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు కేఫ్‌ల బయటి టేబుళ్లు, పేవ్‌మెంట్లు, పార్కుల్లో గాలిని కొలిచి 2007లో ఫలితాలు ప్రచురించారు. కాల్చే మనిషికి ఒకటి రెండు అడుగుల దూరంలో, అదీ గాలి వీచే వైపు కూర్చుంటే, సిగరెట్ వెలుగుతున్నంత సేపూ పక్కవాళ్లు పీల్చే పొగ మూసిన గదిలో పీల్చేంత స్థాయికి చేరొచ్చని తేలింది. సుమారు రెండు మీటర్లు, అంటే ఆరేడు అడుగులు దాటితే అది బాగా పడిపోతుంది. సిగరెట్ ఆర్పేశాక కాసేపటికే గాలి మామూలైపోతుంది. గదిలో అయితే పొగ గంటల తరబడి వేలాడుతుంది, బయట ఆ ఇబ్బంది లేదు.

ఈ ఒక్క కొలతతో ఇరుపక్షాల వాదనలకూ సగం జవాబు దొరుకుతుంది. బయట పొగ గాలిలో కలిసిపోతుందన్న మాట నిజమే, కానీ ఆరేడు అడుగుల అవతల. కేఫ్ టేబుళ్లు వేసేది రెండు మూడు అడుగుల ఎడంతో. చుట్టుపక్కల నలుగురు కాలుస్తుంటే మధ్యలో ఇరుక్కున్నవాళ్లకు గాలి ఏ వైపు వీచినా ఒకటే.

మరి వ్యాపారం? నిషేధం పెడితే గల్లా ఖాళీ అవుతుందన్న భయం ప్రతి దేశంలోనూ ఉన్నదే. రెస్టారెంట్లు, బార్లలో పొగ నిషేధాల ప్రభావం మీద వచ్చిన 97 అధ్యయనాలను పోల్చిన ఒక సమీక్ష 2003లో వెలువడింది. పద్ధతి ప్రకారం చేసిన అధ్యయనాల్లో నష్టం కనిపించలేదని, నష్టమన్నవి ఎక్కువగా సిగరెట్ పరిశ్రమ అండతో నడిచినవని అందులో తేల్చారు. ఆ లెక్కలు ఎక్కువగా లోపలి నిషేధాల గురించినవే, బయటి టేబుళ్లకు యథాతథంగా వర్తిస్తాయని చెప్పలేం. అయినా అలిగి వెళ్లిపోయే కస్టమర్ కళ్లకు కనబడతాడు, పొగ వల్ల అసలు రాని కస్టమర్ కనబడడు. యజమానుల భయంలో ఈ పొరపాటు ఎప్పుడూ ఉంటుంది.

ఒక్కో దేశం గీతను ఒక్కో చోట గీసింది. ఫ్రాన్స్‌లో 2025 జూన్ 29 నుంచి పార్కులు, బీచ్‌లు, బస్ స్టాపులు, బడుల పరిసరాల్లో పొగతాగితే 135 యూరోల జరిమానా. కానీ కేఫ్‌ల బయటి టేబుళ్లను మాత్రం వదిలేశారు. కాఫీ, సిగరెట్, పేవ్‌మెంటు కుర్చీ కలిస్తేనే పారిస్ అనుకునేవాళ్ల జోలికి ప్రభుత్వం పోలేదన్నమాట. ఇటలీలోని మిలాన్ నగరం అదే ఏడాది జనవరి 1 నుంచి కొలత పెట్టింది. వీధిలోనైనా సరే, పక్క మనిషికి కనీసం 10 మీటర్ల దూరం లేకపోతే కాల్చకూడదు. కేఫ్ టేబుల్ దగ్గర 10 మీటర్ల ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? పేరు పెట్టి చెప్పకపోయినా అది నిషేధమే.

మెల్‌బోర్న్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో రకం నిబంధన తెలిసే ఉంటుంది. ఆ నగరం ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2017 ఆగస్టు 1 నుంచి బయట భోజనం చేసే చోట సిగరెట్ బంద్. అయితే పానీయాలు, ప్యాకెట్లలో వచ్చే చిప్స్ లాంటి చిరుతిళ్లు చట్టం దృష్టిలో భోజనం కాదు. కాబట్టి ఉత్త కాఫీ తాగే చోట కాల్చొచ్చు. అక్కడ తిండి వడ్డిస్తే కుదరదు. తినే చోటుకీ కాల్చే చోటుకీ మధ్య నాలుగు మీటర్ల దూరమో, 2.1 మీటర్ల ఎత్తు గోడో ఉండాలి.

గొడవ మాటలతో ఆగని చోట్లూ ఉన్నాయి. టర్కీలో తరతరాలుగా పొగ, పేకాట, చాయ్ కలిసి నడిచిన కాఫీ హోటళ్లలో 2009 జూలై 19 నుంచి లోపల పొగతాగడం నిషేధించారు. కస్టమర్లు కుర్చీలతో సహా బయటికి జరిగారు. కొన్ని వారాలకే దేశానికి పశ్చిమాన ఒక హోటల్ యజమాని, కాల్చొద్దని చెప్పినందుకు కస్టమర్ తుపాకీకి బలయ్యాడు. చట్టం రాసేది పార్లమెంటు. "ఆర్పేయండి సార్" అని మొహం మీద చెప్పాల్సింది మాత్రం కౌంటర్‌లో కూర్చున్న మనిషి.

హైదరాబాద్ విషయానికొస్తే, ఇక్కడ దృశ్యం అందరికీ తెలిసిందే. ఇరానీ హోటల్ లోపల చాయ్, ఉస్మానియా బిస్కెట్. గుమ్మం పక్కనే పాన్ డబ్బా, అక్కడ విడిగా అమ్మే సిగరెట్, దారానికి వేలాడే లైటర్. ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో సిగరెట్ పట్టుకుని మెట్ల మీద నిలబడే గుంపు. నాంపల్లి అయినా, టోలిచౌకి అయినా, హైటెక్ సిటీ చాయ్ బండి అయినా తేడా పెద్దగా లేదు. లోపలికి వెళ్లాలంటే ఆ గుంపును దాటుకునే వెళ్లాలి. పిల్లలతో వచ్చిన కుటుంబాలకు, ఆడవాళ్లకు మొదటి ఇబ్బంది అక్కడే. "భాయ్, జర హటో" అని దారి అడగగలరు గానీ, ఆర్పమని అడగడానికి చాలామంది జంకుతారు.

మరి మన చట్టం ఏమంటోంది? 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం జనం వచ్చిపోయే చోట్ల పొగతాగడాన్ని నిషేధించింది. 2008 అక్టోబర్ 2న అమల్లోకి వచ్చిన నిబంధనలు దానికి పదును పెట్టాయి. కాఫీ హౌస్, క్యాంటీన్, టిఫిన్ హోటల్ అన్నీ రెస్టారెంట్ కిందే లెక్క. పట్టుబడితే 200 రూపాయల వరకు జరిమానా. కానీ చట్టంలోనే ఒక సందు ఉంది. బహిరంగ స్థలం అనే నిర్వచనం నుంచి ఆరుబయలును తీసేశారు. ఆరుబయలే అయినా స్టేడియం, రైల్వే స్టేషన్, బస్ స్టాప్ లాంటి చోట్లకు మాత్రం ఈ మినహాయింపు లేదని 2008 నిబంధనలు చెప్పాయి. ఆ వరుసలో కేఫ్ బయటి టేబుళ్ల పేరు లేదు. కాబట్టి హోటల్ కప్పు కింద ఉన్న వరండా హోటల్‌లో భాగమే అనొచ్చు గానీ, ఫుట్‌పాత్ మీద వేసిన బల్ల దగ్గర వాదన మొదలవుతుంది. (ఆ బల్లకు ఫుట్‌పాత్ మీద అసలు చోటెవరు ఇచ్చారన్నది వేరే కథ!)

30 సీట్లు, అంతకు మించి ఉన్న రెస్టారెంట్లు కాల్చేవాళ్ల కోసం విడిగా గది కట్టుకోవచ్చు. నాలుగు వైపులా నిండు గోడలు, దానంతట అదే మూసుకునే తలుపు, పొగను నేరుగా బయటికి తోసే ఏర్పాటు ఉండాలి, గది గుమ్మం దగ్గర ఉండకూడదు. 2017 సవరణ తర్వాత ఆ గదిలోకి చాయ్, టిఫిన్ ఏదీ సప్లై చేయకూడదు. మామూలు హోటల్ యజమాని ఇంత ఖర్చు పెట్టి, ఒక్క కప్పు కూడా అమ్ముకోలేని గది ఎందుకు కడతాడు? "బయట నిలబడి కాల్చుకో అన్నా" అనేస్తే పని అయిపోతుంది. లోపలి నిషేధం పొగను గుమ్మం ముందుకు తెచ్చింది ఇలాగే.

ఈ గొడవలో అందరూ కస్టమర్ల గురించే మాట్లాడతారు. కాల్చే కస్టమర్ అరగంట కూర్చుని వెళ్తాడు. అభ్యంతరం చెప్పే కస్టమర్ కూడా అంతే, మరీ ఇబ్బందైతే ఇంకో హోటల్‌కు పోతాడు. బయటి టేబుళ్లకు చాయ్ అందించే కుర్రాడు, గుమ్మం దగ్గర పరాటా కాల్చే మనిషి పొద్దున్నుంచి రాత్రి దాకా అక్కడే ఉంటారు. కప్పు పెట్టడానికి, తీయడానికి, టేబుల్ తుడవడానికి వంగినప్పుడల్లా వాళ్లు ఉండేది ఆ ఒకటి రెండు అడుగుల లోపే. ఆర్పమని వాళ్లు చెప్పలేరు. చెబితే యజమాని చేత చీవాట్లు, టిప్పు పోవడం ఖాయం. 2016-17లో దేశవ్యాప్తంగా జరిగిన పొగాకు సర్వేలో, గదుల్లో పనిచేసేవారిలో 30.2 శాతం మంది పని చోట ఇతరుల పొగ పీల్చుతున్నట్టు తేలింది. హోటల్ బయట పనిచేసేవాళ్లు ఆ లెక్కలోకి రారు. ఇతరుల పొగ వల్ల ప్రపంచంలో ఏటా పది లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

తెలంగాణ 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లను నిషేధిస్తూ చట్టాన్ని సవరించింది. కేఫ్ ముందు సిగరెట్ గురించి అలాంటి స్పష్టత లేదు. అయితే యజమాని తలచుకుంటే చట్టం మారేదాకా ఆగనవసరం లేదు. స్టార్‌బక్స్ చేసింది కూడా కంపెనీ నియమమే, ప్రభుత్వ ఉత్తర్వు కాదు. కాల్చేవాళ్లను తరిమేయకుండానే టేబుళ్లకు, గుమ్మానికి, చాయ్ కౌంటర్‌కు ఏడెనిమిది అడుగుల అవతల ఒక మూల చూపిస్తే, ఆ పొగ కుర్రాడి దాకా రావడం చాలా మటుకు తగ్గుతుంది. పాన్ డబ్బాను గుమ్మం పక్క నుంచి ఆ మూలకు జరిపితే గుంపు కూడా దాని వెంటే జరుగుతుంది. మానేయాలనుకునేవాళ్లకు సిగరెట్ ప్యాకెట్ మీదే 1800-11-2356 అనే ఉచిత నంబర్ ఉంటుంది.

ఇక హోటల్ హద్దులో ఎవరైనా కాలుస్తుంటే కస్టమర్ నేరుగా అతనితో తగువు పెట్టుకోవాల్సిన పని లేదు. నిబంధనల ప్రకారం గుమ్మం దగ్గర 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పున్న హెచ్చరిక బోర్డు ఉండాలి. ఎవరికి ఫిర్యాదు చేయాలో ఆ మనిషి పేరు కూడా హోటల్‌లో కనబడేలా రాసి పెట్టాలి. ఆష్‌ట్రే, అగ్గిపెట్టె ఇవ్వకూడదు. చెప్పినా యజమాని పట్టించుకోకపోతే, ఎంతమంది కాల్చారో అన్ని జరిమానాల మొత్తం ఆయన నెత్తిన కూడా పడొచ్చు. బోర్డులు చాలా చోట్ల కనిపిస్తాయి. ఫిర్యాదు తీసుకునే మనిషి పేరు రాసి ఉన్న హోటల్ మాత్రం వెతకాల్సిందే.