కిడ్నీలో గడ్డ ఉందన్నారా? సి.టి. స్కాన్ ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు

పిత్తాశయంలో రాళ్లున్నాయేమో చూద్దామని మీ అమ్మగారికి పొట్ట స్కానింగ్ తీయించారనుకోండి. రాళ్లు లేవు. కానీ కుడి కిడ్నీలో 3 సెంటీమీటర్ల గడ్డ ఉందనీ, సి.టి. స్కాన్ చేయించమనీ రిపోర్టులో రాసి ఉంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. ఆమెకు చెప్పాలా వద్దా అని వసారాలో గుసగుసలు మొదలవుతాయి. గడ్డ అనగానే క్యాన్సరే అనుకోవడం మనకు అలవాటైపోయింది.

కిడ్నీలో ఇలా అనుకోకుండా కనబడే గడ్డల్లో ఎక్కువ భాగం వట్టి నీటితిత్తులే. డాక్టర్లు వీటిని సిస్టులు అంటారు. యాభై ఏళ్లు దాటినవారిలో ఇవి చాలా మామూలు. పలుచని గోడ, లోపల తేటనీరు, అంతే. నొప్పి వంటి ఇబ్బంది లేకపోతే వీటికి మందూ అక్కరలేదు, ఆపరేషనూ అక్కరలేదు. మామూలు స్కానింగ్‌లోనే ఇది తేటగా తెలిసిపోతే సి.టి. కూడా అవసరం ఉండదు. లోపల నీరా, కండా అన్నది తేలనప్పుడే సి.టి. రాస్తారు.

సి.టి. యంత్రం ఎక్స్‌రేలతో శరీరాన్ని రొట్టె ముక్కలు కోసినట్టు పొరలు పొరలుగా చూపిస్తుంది. ప్రతి చుక్కకూ ఒక అంకె ఇస్తుంది. నీటికి సున్నా. గాలికి మైనస్ 1000. కొవ్వుకు సున్నా కంటే తక్కువ. కండకు సున్నా కంటే ఎక్కువ. ఎముకకు ఇంకా చాలా ఎక్కువ. ఈ యంత్రాన్ని తయారుచేసిన ఇంగ్లండు ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరు మీదే ఈ అంకెలను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు అంటారు. 1971లో లండన్‌లో మొదటి రోగికి స్కాన్ తీశారు. 1979లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మీ రిపోర్టులో "హెచ్.యు." అని కనిపించేది ఇదే.

అసలు కీలకం డై మందులో ఉంది. ముందు మందు లేకుండా ఒకసారి తీస్తారు. తర్వాత చేతి నరానికి అయోడిన్ కలిసిన మందు ఎక్కించి, అర నిమిషానికి ఒకసారి, నిమిషమున్నర దాటాక ఇంకోసారి తీస్తారు. మందు రక్తంతో పాటు పోతుంది. గడ్డలో రక్తనాళాలు ఉంటే అక్కడికీ చేరుతుంది, అంకె పెరుగుతుంది. మొదట 8 ఉండి, మందు తర్వాత 10 అయితే అది నీరే. మొదట 35 ఉండి తర్వాత 95 అయితే అందులో రక్తం పారుతోందన్న మాట, అది కండగడ్డ. 20 కంటే ఎక్కువ పెరిగితే డాక్టర్లు దాన్ని తేలికగా తీసుకోరు. 10 లోపు అయితే పెరగనట్టే లెక్క. మధ్యలో ఉంటే అనుమానమే, మరో పరీక్ష కావాలి.

ఒక్కొక్కసారి నీటితిత్తిలో పాత రక్తం చేరి, మందు ఇవ్వకముందే అంకె 70 దాటుతుంది. చూడడానికి గట్టి గడ్డలా తెల్లగా ఉంటుంది. కానీ లోపలంతా ఒకే తీరుగా ఉండి, మందు తర్వాత అంకె కదలకపోతే అది హాని లేనిదే. అంటే ఒక్క అంకె చూసి ఏమీ చెప్పలేము, ముందూ తర్వాతా పోల్చాలి. "ఇన్నిసార్లు ఎందుకు తీశారు, బిల్లు పెంచడానికా?" అని కొందరు అడుగుతారు. "డై లేకుండా చవకలో తీసేయండి" అని ఇంకొందరు బతిమాలుతారు. డబ్బు కష్టం మాకు తెలియనిది కాదు. కానీ గడ్డ విషయంలో డై లేని స్కాన్ చాలాసార్లు సగం జవాబే ఇస్తుంది. మళ్లీ తీయవలసి వస్తే రెండు ఖర్చులు.

డై లేకుండానే తేలిపోయే గడ్డ ఒకటుంది. దాని పేరు యాంజియోమయోలైపోమా. లోపల కొవ్వు ఉంటుంది కనుక అంకె మైనస్‌లోకి దిగుతుంది. ఎక్కువగా నడివయసు స్త్రీలలో కనిపిస్తుంది. దాదాపు ఎప్పుడూ ఇది క్యాన్సర్ కాదు. అయితే 4 సెంటీమీటర్లు దాటితే లోపల రక్తం కారే ప్రమాదం ఉంది. ఇలాంటి గడ్డ ఉన్నవారికి హఠాత్తుగా నడుము పక్కన తీవ్రమైన నొప్పి వస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

నీటితిత్తులన్నీ ఒకటి కావు. లోపల అడ్డుగోడలు, సున్నపు చారలు, గోడ మందం చూసి వాటిని తరగతులుగా విడదీస్తారు. ఈ పద్ధతిని 1986లో అమెరికా డాక్టర్ మార్టన్ బాస్నియాక్ చెప్పారు, 2019లో దీన్ని సవరించారు. 1, 2 తరగతులంటే నిశ్చింతగా ఉండవచ్చు. 3వ తరగతిలో దాదాపు సగం క్యాన్సర్లని తేలుతుంది. 4లో చాలా భాగం క్యాన్సరే. మాకు ఎక్కువ బాధ కలిగించేది మధ్యలోని "2 ఎఫ్". ఇందులో చాలావరకు మంచివే, కానీ ఆరు నెలలకు, ఏడాదికి, ఆపై ఏటా ఒకసారి చొప్పున అయిదేళ్లు చూస్తూ ఉండాలి. "ఇప్పుడు భయం లేదు" అన్న మాట వరకే విని, మళ్లీ రమ్మన్న తేదీ మరచిపోయేవారు ఎందరో. ఆ తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకోండి.

ఇక రక్తం పారే కండగడ్డ, కొవ్వు లేనిది. ఇందులో ఎక్కువ భాగం క్యాన్సరే, దాచడం దేనికి? అయినా 4 సెంటీమీటర్ల లోపు ఉన్నవాటిని ఆపరేషన్ చేసి పరీక్షిస్తే, దాదాపు అయిదింటిలో ఒకటి క్యాన్సర్ కాదని తేలుతుంది. ఆంకోసైటోమా అనే మంచి గడ్డ సి.టి.లో అచ్చం క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది. ఏళ్ల తరబడి రాళ్లుండి చీము పట్టిన కిడ్నీ కూడా ఒక్కొక్కసారి అలాగే మోసం చేస్తుంది. అందుకే జ్వరం వచ్చిందా, బరువు తగ్గారా, మూత్రంలో ఏముంది అని అడుగుతాం. సి.టి. తేల్చలేనప్పుడు సూదితో ముక్క తీసి చూస్తారు. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయం మన ఊళ్లలో బలంగా ఉంది. అలా జరగడం చాలా చాలా అరుదు.

క్యాన్సరే అని తేలినా, గడ్డ చిన్నదైతే కిడ్నీ మొత్తం తీయనక్కరలేదు. చాలామందికి గడ్డ మేరకే తీసి మిగతా కిడ్నీని కాపాడవచ్చు. బాగా వయసు మళ్లి, గుండె బలహీనంగా ఉన్నవారికైతే చిన్న గడ్డను స్కాన్లతో గమనిస్తూ ఉండడం కూడా ఒక మార్గమే. ఈ నిర్ణయంలో రోగి మాట ఉండాలి కనుక ఆయనకు, ఆమెకు తెలియకుండా మాట్లాడుకోకండి. చాలామందికి ఇంట్లోవారి మొహాలు చూసి ఎప్పుడో అర్థమైపోయి ఉంటుంది.

స్కాన్‌కు వచ్చేటప్పుడు రక్తంలో క్రియాటినిన్ రిపోర్టు తీసుకురండి. ఇంతకు ముందు డై పడలేదా, ఆస్తమా ఉందా, గర్భం ఉండే అవకాశం ఉందా, చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నారా అన్నది ముందే చెప్పండి. మీ అంతట మీరు మాత్రలు ఆపవద్దు. డై ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడెక్కి, మూత్రం వచ్చేసినట్టు అనిపిస్తుంది. నిజంగా రాదు, నిమిషంలో తగ్గిపోతుంది. దురద గానీ ఆయాసం గానీ వస్తే అక్కడివారికి వెంటనే చెప్పాలి.

పాత ఫిల్ములు, సి.డి.లు ఇంట్లో బీరువాలో ఉంటే వెతికి తీసుకురండి. నాలుగేళ్ల కిందటి ఫిల్ములోనూ ఆ గడ్డ అదే సైజులో, అదే తీరుగా ఉందంటే, అది డాక్టరుకు చాలా విలువైన సమాచారం.