క్రాష్ డంప్

కంప్యూటరు ఆపరేటింగ్ సిస్టమ్ హఠాత్తుగా కుప్పకూలినపుడు, ఆ క్షణంలో మెమొరీలో ఉన్న సమాచారాన్ని డిస్కుపై భద్రపరచిన ఫైలును క్రాష్ డంప్ అంటారు. పూర్వం మెమొరీని అయస్కాంత కోర్లతో నిర్మించేవారు కనుక దీనికి కోర్ డంప్ అనే పాత పేరు కూడా ఉంది. లోపమెక్కడో వెదకేవారికి తరచు మిగిలే సాక్ష్యం ఇదొక్కటే.

ఇందులో ఒక చిక్కు ఉంది. డిస్కుపై వ్రాయాలంటే డిస్కు డ్రైవరు సక్రమంగా ఉండాలి. కానీ కూలిపోవడానికి కారణం ఆ డ్రైవరే కావచ్చు. చెడిపోయిన డ్రైవరును నమ్మి వ్రాస్తే వినియోగదారుని ఫైళ్ళే నాశనం కాగలవు. అందువలన విండోస్ ఎన్.టి. కుటుంబపు సిస్టములలో ఏర్పాట్లన్నీ బూట్ సమయంలోనే జరుగుతాయి. డిస్కు డ్రైవరుకు మరొక ప్రతి మెమొరీలోకి చేరి, అవసరం వచ్చేదాకా ఊరక ఉంటుంది. పేజ్ ఫైలు డిస్కుపై ఏయే చోట్ల ఉన్నదో కూడా ముందే గుర్తించబడుతుంది. కనుక వ్రాసే సమయానికి ఫైల్ సిస్టమ్‌తో పనిలేదు. విండోస్ 2000, ఎక్స్‌పి తరాలలో ఈ భాగాలకు బూట్‌లో లెక్కకట్టిన చెక్‌సమ్, కూలిన తరువాతి చెక్‌సమ్‌తో సరిపోలకపోతే డంప్ అసలు వ్రాయబడదు. సాక్ష్యం పోయినా ఫైళ్ళు దక్కుతాయి.

నీలి తెర కనిపించే సమయానికి మిగిలిన ప్రాసెసర్లు నిలిపివేయబడి, ఇంటరప్టులు ఆగిపోయి ఉంటాయి. కనుక డంప్ డ్రైవరు "అయిందా, అయిందా" అన్నట్లు డిస్కు స్థితిని పదేపదే పరీక్షిస్తూ వ్రాస్తుంది. ఇతర డ్రైవర్లు ముందుగా నమోదు చేసుకున్న కాల్‌బ్యాక్‌ల ద్వారా తమ పరికరాల స్థితిని జోడించవచ్చు. ఉదాహరణకు, గ్రాఫిక్స్ కార్డు సొంత మెమొరీ ప్రధాన మెమొరీలో భాగం కాదు. డ్రైవరు అందించకపోతే అది డంప్‌లోకి రాదు. అయితే ఆ స్థితిలో కాల్‌బ్యాక్ కొత్తగా మెమొరీ కోరరాదు, పేజ్ ఫైలులోకి వెళ్ళగల మెమొరీని తాకరాదు. కావలసిన బఫరును ముందే కేటాయించుకోవాలి.

మరల బూట్ అయిన తరువాత పేజ్ ఫైలులోని డంప్ మెమొరీ.డి.ఎం.పి. అనే ఫైలుగా మారుతుంది. పేజ్ ఫైలు చిన్నదైతే పూర్తి డంప్ సాధ్యపడదు. పూర్తి డంప్‌లో సంకేతపదాలు కూడా ఉండవచ్చు కనుక దానిని ఇతరులకు పంపేముందు ఆలోచించాలి.

లినక్స్ మార్గం వేరు. 2005లో వెలువడిన 2.6.13 కెర్నెలు నుండి లభిస్తున్న కేడంప్ పద్ధతిలో, ముందుగా కేటాయించిన మెమొరీలో రెండవ కెర్నెలు సిద్ధంగా ఉంటుంది. మొదటిది కూలగానే అది మొదలై, తన సొంత డ్రైవర్లతో పాత మెమొరీని భద్రపరుస్తుంది.