ఫోను చేతిలోనే ఉంది... ప్రాణమే లేదు!

‘మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం స్విచ్ఛాఫ్ చేయబడి ఉంది...’

ఈ మాట విన్నప్పుడు మీకేమనిపిస్తుంది? మామూలు రోజుల్లో అయితే చిరాకు. కానీ ఇంట్లో పెద్దవాళ్లు ఊరు దాటి వెళ్లినప్పుడు, అర్ధరాత్రి దాటాక వింటే? గుండె జారిపోతుంది.

2023 మే నెలలో మా ఇంట్లో జరిగిందిది. పెద్ద హనుమాన్ జయంతికి మా మరిది మాల వేసుకున్నాడు. కోరుట్ల నుంచి జగిత్యాల మీదుగా కొండగట్టుకు దాదాపు 40 కిలోమీటర్ల నడక. ‘నేను గూడ నడుస్త’ అని మా అత్తమ్మ పట్టుబట్టింది. వాడకట్టులోని ఆడవాళ్లు నలుగురు తోడున్నారు కదా అని మేమూ సరేనన్నాం. మనవడు తన పాత స్మార్ట్ ఫోను ఆమె చేతిలో పెట్టాడు. నిండా ఛార్జింగ్ పెట్టే పంపాం.

దారి పొడుగునా అందులో భజన పాటల వీడియోలు మోగాయట. చీకటి పడ్డాక అదే టార్చిలైటు. మధ్యలో దుబాయ్ నుంచి మా పెద్ద మరిది వీడియో కాల్. తెల్లవారుజామున గుట్ట కిందికి చేరేసరికి ఫోను చచ్చిపోయింది. ఆ జనంలో అత్తమ్మ గుంపు నుంచి తప్పిపోయింది.

ఇక్కడ మేం, అక్కడ దుబాయ్‌లో ఆయన, ఒకటే ఫోన్లు. ‘అమ్మ ఫోను ఎందుకు ఎత్తుతలేదు వదినె?’ అని ఆయన అడుగుతుంటే ఏం చెప్పను?

అత్తమ్మ ఏడుస్తూ కూర్చుంటే ఎవరో పుణ్యాత్ములు తమ ఫోను తీసి ‘నంబరు చెప్పవ్వా, కలుపుత’ అన్నారట. ఆమెకు ఒక్క నంబరూ నోటికి రాదు. ‘అందరి నంబర్లు గీ డబ్బల్నే ఉన్నయి బిడ్డా’ అని చచ్చిన ఫోను చూపించిందట. చివరికి ఒక ఆటో అబ్బాయి తన బండిలో ఛార్జింగ్ పెడతానన్నాడు. అతని వైరు పిన్ను వేరే. రెండో ఆటోలోదీ సరిపోలేదు. మూడో ఆటోలో దొరికింది. మాకు ఫోను వచ్చేసరికి నాలుగు గంటలు గడిచాయి. ‘నేను మంచిగనే ఉన్న బిడ్డా’ అన్న ఆ ఒక్క మాట కోసం ఇల్లంతా ఏడ్చింది.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో బయలుదేరేటప్పుడు నీళ్ల సీసాతోపాటు ఫోను తిండి సంగతీ చూసుకుంటున్నాం.

మన దగ్గర ఇది చిన్న విషయం కాదు

మా కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన మగవాళ్లు వేల మంది. నా చిన్నప్పుడు వాళ్ల పలుకు కోసం ఆడవాళ్లు ఎస్టీడీ బూతు ముందు గంటలు గంటలు కూర్చునేవారు. ఇప్పుడు ఆ బూతు మన కొంగులోకే వచ్చింది. సౌదీలో రాత్రి తొమ్మిదికి డ్యూటీ దిగి ఫోను చేస్తే మనకు పదకొండున్నర. పొలం కాడో, జాతరలోనో ఉండి ఆ సమయానికి ఫోను ఆగిపోతే, అక్కడి మనిషికి తెల్లవార్లూ నిద్ర ఉండదు.

మేడారం జాతరకు వెళ్లి డేరా వేసుకున్నా, ధర్మపురిలో గోదావరి స్నానానికి వెళ్లినా ఇదే కథ. 2015 పుష్కరాలకు ధర్మపురికి వచ్చిన జనం మీకు గుర్తుండే ఉంటారు. మళ్లీ పుష్కరాలు 2027లో. అంత రద్దీలో ప్లగ్గు ఎక్కడ వెతుక్కుంటాం?

పైగా ఆడపిల్లలకు ఫోను రక్షణ కూడా. 2017 జనవరి నుంచి అమ్మే ఫోన్లలో ఆపద మీట ఉండాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. బటన్ ఫోనులో 5 గానీ 9 గానీ గట్టిగా నొక్కి పట్టుకుంటే, స్మార్ట్ ఫోనులో పవర్ బటన్ గబగబా మూడుసార్లు నొక్కితే 112కు కాల్ వెళ్లాలి. కానీ అందులో ఛార్జింగ్ ఉంటేనే కదా!

పదివేలు అంటే పదివేలు కాదు

పవర్ బ్యాంక్ కొనేటప్పుడు దుకాణంలో ‘పదివేల ఎంఏహెచ్ అమ్మా, మీ ఫోను రెండుసార్లు నిండుతుంది’ అంటారు. ఐదువేల బ్యాటరీ ఫోనుకు రెండుసార్లు... లెక్క సరిగ్గానే ఉన్నట్టుంది కదూ? నేనూ అలాగే మోసపోయాను. తీరా చూస్తే ఒకసారి నిండి, రెండోసారి కొద్దిగా ఎక్కి ఆగిపోయింది.

కిటుకేమిటంటే, ఆ పదివేలు లోపలి సెల్లు లెక్క. సెల్లు 3.7 వోల్టులది. వైరులోకి వచ్చేది 5 వోల్టులు. అలా మార్చినప్పుడే పదివేలు 7400 అవుతుంది. బిందెలోంచి చెంబులోకి వంచేటప్పుడు కొన్ని నీళ్లు ఒలికినట్టు, ఇక్కడా కొంత వేడిగా పోతుంది. చివరికి మనకు దక్కేది ఆరువేలకు అటూ ఇటూ. పెట్టె వెనక ‘రేటెడ్ కెపాసిటీ’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అసలు లెక్క అదే. కళ్లద్దాలు పెట్టుకుని మరీ చదవండి. బీఐఎస్ గుర్తు ఉందో లేదో కూడా చూడండి. చవగ్గా వచ్చిందని గుర్తు లేనిది కొంటే ఉబ్బిపోవచ్చు, అంటుకోవచ్చు.

పెద్దవాళ్లకైతే బటన్ ఫోనే మేలు. దాని బ్యాటరీ చిన్నదైనా మాట్లాడుకోవడానికే వాడితే రెండు మూడు రోజులు వస్తుంది. అదే పవర్ బ్యాంకుతో దాన్ని ఐదారుసార్లు నింపుకోవచ్చు.

గల్ఫ్‌కు వెళ్లేవారికి పెట్టె సర్దే అక్కచెల్లెళ్లకు ఒక మాట. పవర్ బ్యాంక్ లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. మామూలుగా 100 వాట్ అవర్ల లోపుదైతే విడిగా అనుమతి అక్కర్లేదు. ఇరవైవేల ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లే అవుతుంది. ఎమిరేట్స్ వాళ్లు 2025 అక్టోబరు 1 నుంచి ఒక్కటే తెచ్చుకోనిస్తున్నారు, విమానంలో దాన్ని వాడనివ్వడం లేదు.

ఎండ ఉంది కదా అని...

‘మన దగ్గర ఎండకేం కరువు, సోలార్ పలక కొంటే సరి’ అని మా వారు అన్నారు. మంచి ఆలోచనే. పొలం కాడ, జాతర డేరా దగ్గర పనికొస్తుంది. కానీ పది వాట్ల పలక మంచి ఎండలో కూడా పది వాట్లూ ఇవ్వదు. ఐదారు వాట్లు వస్తే ఐదువేల ఎంఏహెచ్ ఫోను నిండడానికి నాలుగు గంటలైనా పడుతుంది. మబ్బు పడితే ఇంకా ఆలస్యం. నడుస్తూ భుజాన వేసుకున్న పలక సూర్యుడి వైపు తిరిగి ఉండదు కాబట్టి ఇంకా తక్కువ. అందుకే పగలు పలకతో పవర్ బ్యాంకును నింపి, రాత్రి దానితో ఫోను నింపుకోవడం ఉత్తమం.

పలక ఎండలో ఉండాలి గానీ ఫోనూ పవర్ బ్యాంకూ నీడలోనే ఉండాలి. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ పెట్టకపోవడమే మంచిది. మే నెలలో మా జిల్లాలో గాలే ఆ వేడికి చేరుతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే ఇక చెప్పేదేముంది! తడిగుడ్డలో చుట్టి చల్లబరచడం లాంటివీ వద్దు.

ట్రాక్టరు, ఆటో బ్యాటరీకి వైర్లు నేరుగా తగిలించే సాహసం పిల్లలను చేయనివ్వకండి. అది 12 వోల్టులది, ఫోను వైరుకు 5 వోల్టులు చాలు. బండి సాకెట్టులో పెట్టే ఛార్జరు వాడితేనే క్షేమం.

బస్టాండ్లలో, స్టేషన్లలో ఉండే యూఎస్‌బీ పాయింట్ల గుండా ఫోనులోని సమాచారం దొంగిలించే వీలుందని రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన జాగ్రత్తల పుస్తకంలో హెచ్చరించింది. మన ఛార్జరు మనం తీసుకెళ్లి మామూలు ప్లగ్గులో పెట్టుకుంటే ఆ భయం ఉండదు.

బయలుదేరే ముందు ఇవి చూసుకోండి

* ఫోనూ పవర్ బ్యాంకూ రెండూ ముందురోజే నింపండి. దిండు కింద పెట్టి ఛార్జింగ్ చేయకండి.
* మీ ఫోనుకు సరిపోయే వైరు సంచిలో వేసుకోండి. ముగ్గురు కలిసి వెళ్తే ఎవరి పిన్ను ఏదో ముందే చూసుకోండి.
* తెర వెలుతురు తగ్గించండి. వీడియోలు ఇంటికొచ్చాక చూడొచ్చు.
* సిగ్నల్ అందని చోట ఫోను దాన్ని వెతుక్కుంటూనే బ్యాటరీ తినేస్తుంది. అలాంటి చోట ఫ్లైట్ మోడులో పెట్టి, గంటకోసారి తెరిచి చూడండి.
* వెలుతురుకు విడిగా చిన్న టార్చి పెట్టుకోండి.
* గుంపులో ఒక్కరి ఫోనైనా వాడకుండా ఆపి దాచండి. అది ఆపదకు.
* వానకాలంలో ఫోనును ప్లాస్టిక్ సంచిలో చుట్టండి. తడిసిన పిన్నులో వైరు పెట్టకండి.
* ఉబ్బిన పవర్ బ్యాంకును మళ్లీ వాడకండి.
* ఇంటి నంబర్లు రెండు కాగితం మీద రాసి పిల్లల జేబులో, పెద్దవాళ్ల సంచిలో పెట్టండి.

ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. కాగితానికి ఛార్జింగ్ అక్కర్లేదు!

మా అత్తమ్మకు చదువు రాదు. ‘కాగితం తడిస్తే, పోతే ఎట్లనే?’ అంది. నిజమే కదా! అందుకని బీడీలు చేసేటప్పుడు పక్కన కూర్చుని నా నంబరు రెండేసి అంకెలుగా చెప్పడం మొదలుపెట్టాను. ఇరవై ఐదు బీడీలకో కట్ట. కట్ట కట్టినప్పుడల్లా ఒకసారి నంబరు. వారం తిరిగేసరికి నోటికి వచ్చేసింది. ఇప్పుడు చాట ముందు కూర్చుంటే చాలు, పాటలాగా అదే.

మరుసటి ఏడు మళ్లీ కొండగట్టుకు నడిచింది. తెల్లవారుజామున తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. భయంభయంగా ఎత్తాను.

‘నేనే బిడ్డా. నా ఫోన్ల ఛార్జింగ్ మంచిగనే ఉన్నది. నంబరు యాదికున్నదా లేదా అని ఎవలదో ఫోను అడిగి చేసిన!’