మిద్దెమీది నీటితొట్టిలో తిలాపియా పిల్లల సంరక్షణ

చేపల తొట్టి, మొక్కల మడి ఒకే నీటిని పంచుకొనే సాగు పద్ధతిని ఆక్వాపోనిక్స్ అంటారు. తొట్టిలోని నీరు పంపు ద్వారా గులకరాళ్లు నింపిన మడికి చేరుతుంది. అక్కడ శుద్ధి పొంది తిరిగి తొట్టిలోకి వస్తుంది. మిద్దెపై కొద్దిపాటి చోటున్న కుటుంబానికి ఈ పద్ధతి ఆకుకూరను, చేపను రెండింటిని అందించగలదు. ఇందుకు ఎక్కువమంది ఎంచుకొనేది తిలాపియా. మనవారు జిలేబీ చేప అనేది, ఇక్కడి సంతలో జిలేబి కెండై అని అమ్మేది ఇదే. పెద్ద చేప మొండిదే గాని, సెంటీమీటరు పొడవున్న దాని పిల్ల మాత్రం మిక్కిలి సుకుమారమైనది.

పిల్లలకు ముందు నీటిని సిద్ధపరచాలి

చేపల విసర్జనలనుండి అమ్మోనియా పుడుతుంది. గులకరాళ్లను ఆశ్రయించిన సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషాలు. మూడవది మొక్కలకు ఆహారం. ఈ సూక్ష్మజీవులు తగినంతగా వృద్ధి చెందడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు పిల్లలను విడువరాదు. అమ్మోనియా, నైట్రైటు దాదాపు సున్నాకు చేరినట్లు పరీక్ష పెట్టెతో నిర్ధారించుకొన్న తరువాతనే విడవాలి.

కుళాయి నీటిలోని క్లోరిన్ పిల్లలనూ, ఈ సూక్ష్మజీవులనూ చంపుతుంది. కనుక ఆ నీటిని వెడల్పాటి పాత్రలో ఒక రోజంతా గాలి పంపుతో కదిలించి ఆ తరువాత వాడాలి. వెయ్యి లీటర్ల నీరు వెయ్యి కిలోల బరువని మరువరాదు. మిద్దె ఆ బరువును మోయగలదో లేదో ఇంజనీరును అడిగి తెలుసుకోవడం అవసరం.

తల్లి నోటిలోని పిల్లలు

ఆడ తిలాపియా ఫలదీకరణ చెందిన గుడ్లను నోటిలో దాచుకొని పొదుగుతుంది. ఈ పది పదునాలుగు రోజులూ అది దాదాపు మేత ముట్టదు. దాని దవడ కింది భాగం ఉబ్బి కనిపిస్తుంది. అటువంటి చేపను బెదరించినట్లయితే గుడ్లను ఉమ్మివేస్తుంది. అందుచేత దానిని నెమ్మదిగా వేరే తొట్టికి మార్చాలి. పిల్లలు బయటికి వచ్చి స్వేచ్ఛగా ఈదసాగిన తరువాత తల్లిని వెనుకకు చేర్చి, పిల్లలను అక్కడే ఉంచాలి. పెద్ద చేపల నడుమ విడిచిన పిల్లలు వాటికి ఆహారమైపోతాయి. పిల్లలలో సైతం పెద్దవి చిన్నవాటిని మింగుతాయి కనుక పది రోజులకొకసారి పరిమాణాన్నిబట్టి వేరుచేయడం మేలు.

మేత, గాలి, ఎండ

మొదటి వారాలలో మెత్తని పొడి మేతను రోజుకు నాలుగైదు మార్లు, ప్రతిసారీ కొన్ని నిమిషాలలో తినగలిగినంత మాత్రమే వేయాలి. మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. నీరు వేడెక్కినకొద్దీ, క్షారగుణం పెరిగినకొద్దీ అమ్మోనియా విషం తీవ్రమవుతుంది.

తిలాపియాకు 28 నుంచి 30 డిగ్రీల నీరు అనుకూలం. వేసవిలో తిరుత్తణి ఎండ 40 డిగ్రీలు దాటడం పరిపాటి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. అందుచేత తొట్టిపై నీడవల కట్టి, గాలి పంపును రాత్రింబవళ్లు నడపాలి. విద్యుత్తు ఆగినప్పుడు పనిచేసే బ్యాటరీ గాలి పంపు ఒకటి సిద్ధంగా ఉండితీరాలి. తెల్లవారుజామున పిల్లలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంటే గాలి చాలడం లేదని అర్థం.

పంపు నోటికి స్పాంజి కట్టకుంటే పిల్లలు అందులో చిక్కి చస్తాయి. కాకులు, లకుముకిపిట్టలు రాకుండా తొట్టిపై వల కప్పాలి. విడిగా నిలవ ఉంచిన నీటిని మూయకుంటే డెంగీ దోమకు నెలవవుతుంది. మడిలోని మొక్కలపై పురుగుమందు చల్లరాదు; వేపనూనె సైతం నీటిలో కలిస్తే చేపలకు హానికరం.

పిల్లలు మితిమీరినప్పుడు

ఆడ, మగ కలిసి ఉన్న తొట్టిలో సంతతి త్వరగా పెరిగి, చేపలు ఎదగక గిడసబారిపోతాయి. వెయ్యి లీటర్లకు పది నుంచి ఇరవై కిలోలకు మించి చేపలుంటే ఇంటి తొట్టి భరించలేదు. హేచరీలలో హార్మోను కలిపిన మేతతో పిల్లలన్నింటినీ మగవిగా మార్చే పద్ధతి ఉన్నది. ఆ నీరే ఆకుకూరలకు పారే ఇంట ఈ పనికి పూనుకోరాదు. మగపిల్లలనే అనుమతి పొందిన హేచరీనుండి తెచ్చుకోవడం ఉత్తమం.

మిగులు పిల్లలను కాలువలోగాని చెరువులోగాని వదలరాదు. తిలాపియా ఆఫ్రికా చేప. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ రకం జలాశయాలలో విస్తరించి స్థానిక చేపలకు పోటీ కావడంతో, 1959లో దాని వ్యాప్తిపై నిషేధం విధించారు. మన మురుగు కాలువలు, చెరువులు వానకాలంలో కొసస్థలై నదితో కలుస్తాయి. ఆ నదిపైనే పూండి జలాశయమున్నది. తెలుగుగంగ కాలువ ద్వారా వచ్చే కృష్ణా నీరు చేరేదీ, చెన్నై నగరం తాగేదీ అక్కడినుండే. ఈశాన్య రుతుపవనాల వానలకు తొట్టి పొంగి పిల్లలు కొట్టుకుపోకుండా, అక్టోబరుకు ముందే పొర్లు గొట్టానికి సన్నని జాలి బిగించాలి. చచ్చిన చేపలను మట్టిలో పాతిపెట్టాలి.

తిలాపియా పెంపకానికి ప్రభుత్వ నిబంధనలు వర్తిస్తాయి గనుక, ప్రారంభించే ముందు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో విచారించండి. సాంకేతిక సలహా కొరకు మన జిల్లాలోని పొన్నేరి మత్స్య కళాశాలను సంప్రదించవచ్చును.