బి. ఎన్. రెడ్డిగారికి ఫాల్కే ఎందుకిచ్చారు?

దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందిన తొలి తెలుగువారెవరు? ముంచింగిపుట్టు వంటి కొండసీమలలోని ఉపాధ్యాయ మిత్రులు సైతం విద్యార్థులను అడిగే ప్రశ్న ఇది. 'బి. ఎన్. రెడ్డి' అని బదులు రాగానే తృప్తిపడతాము. ఆ గౌరవం దేనికన్న ప్రశ్న మిగిలిపోతున్నది.

కడప జిల్లాలో 1908లో జన్మించిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారు 1939లో 'వందేమాతరం'తో దర్శకులై, 1969లో 'బంగారు పంజరం'తో విరమించారు. ముప్పది యేండ్లలో పదకొండు చిత్రాలే! 'మల్లీశ్వరి' (1951) చైనా దాకా వెళ్ళింది. 'రంగులరాట్నం' (1966) జాతీయస్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రమైనది. బంగారు నందినీ తెచ్చింది.

నా మట్టుకు నాకు గీటురాయి 'బంగారుపాప'. ఆంగ్ల రచయిత్రి జార్జి ఇలియట్ 1861లో వెలువరించిన 'సైలస్ మార్నర్' నవల దానికి మాతృక. పాలగుమ్మి పద్మరాజుగారి తోడ్పాటుతో దానిని తెలుగు పల్లెకు తెచ్చారు. లోకంపై కసి పెంచుకొన్న కోటయ్య, దొరికిన పసికందును సాకుతూ మెత్తబడే తీరు ఎస్. వి. రంగారావుగారి ముఖంలోనే చదువుకోవాలి. ఆ చిత్రానికి కాసులు రాలలేదు. జాతీయ పురస్కారాలలో మాత్రం గుర్తింపు దక్కింది.

పద్మభూషణ్, ఫాల్కే రెండూ 1974వ సంవత్సరానివే. అప్పటికి ఆయన చివరి చిత్రం వచ్చి అయిదేండ్లు. 1977లో కన్నుమూశారు. (తమ్ముడు నాగిరెడ్డిగారికీ 1986లో ఫాల్కే లభించింది.)

ఒక పూట 'బంగారుపాప'ను పిల్లలకు చూపించండి. ఇక్కడ ఎందరో ఇంట మాట్లాడేది ఆదివాసీ ఒడియా. ఇంగ్లీషు నుండి తెలుగుకు వచ్చిన ఆ కోటయ్య కథను తమ ఇంటి మాటలో చెప్పమనండి.