ఎర్రచుక్క ముందా? వెలుగు ముందా?

హీరో తెల్లచొక్కా మీద, సరిగ్గా గుండె దగ్గర, గురివింద గింజంత ఎర్రచుక్క ప్రత్యక్షమౌతుంది. అంతే! నేల క్లాసులో ఈలలు ఆగిపోతాయి. బాల్కనీలో వేరుశనక్కాయలు నమిలే నోళ్ళు ఆగిపోతాయి. డైలాగు అక్కర్లేదు, క్లోజప్పు అక్కర్లేదు. ఆ చుక్క పడితే చాలు, చావు వచ్చి గుమ్మంలో నిల్చుందని పసిపిల్లాడికి కూడా అర్థమైపోతుంది. అంచేతే దర్శకులకు ఆ చుక్కంటే అంత ప్రేమ!

ఈమధ్య పాణ్యం కుర్రాళ్ళు నలుగురు నన్ను పట్టుకున్నారు. వాళ్ళొక షార్ట్ ఫిలిం తీస్తున్నారట. రాత్రి సీను, నాపరాయి గనిలో వెతుకులాట, హీరో చేతిలో డమ్మీ పిస్తోలు.

"అన్నా, పిస్తోలు కింద బిగిస్తారే బుల్లి లైటు... దాంట్లోనే లేజర్ కూడా ఉంటాదే... అట్లాంటిది ఏది తీసుకోవాల్న? ఎర్రదా, పచ్చదా?" అని ప్రశ్న.

ప్రశ్న చిన్నదే గాని, దాని వెనకాల బోలెడు కథ ఉంది. నలుగురికీ చెప్పింది మీకూ చెబుతాను, వినండి.

ఆర్నాల్డ్ జేబులో కరెంటు!

ఆ ఎర్రచుక్కను ప్రపంచమంతటా పాపులర్ చేసిన చిత్రాల్లో మొదట చెప్పుకోవలసింది 1984లో జేమ్స్ కామెరాన్ తీసిన 'ది టెర్మినేటర్'. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ చేతిలో పొడుగాటి పిస్తోలు, దాని నెత్తిమీద గొట్టంలాంటి లేజరు! చూసినవాళ్ళంతా అదేదో రెడీమేడ్ వస్తువనుకున్నారు. కానీ దాన్ని ఆ సినిమా కోసమే ప్రత్యేకంగా చేయించారు. అప్పటి లేజరు హీలియం, నియాన్ వాయువులు నింపిన గాజుగొట్టం. అది వెలగాలంటే వేల వోల్టులు కావాలి. అంత కరెంటు పిస్తోల్లో ఎక్కడ దాస్తారు? అందుకని వైరును ఆర్నాల్డ్ కోటులోపలికి పోనిచ్చి, బ్యాటరీని అక్కడ దాచి, స్విచ్చి రెండో చేతికిచ్చారు. తెరమీద యంత్రమానవుడు ఒంటిచేత్తో గురిపెడుతుంటే, రెండోచెయ్యి గుట్టుగా మీట నొక్కుతోందన్నమాట!

1960 మే 16న అమెరికాలో థియోడర్ మైమన్ మొదటి లేజరును వెలిగించాడు. ఇప్పుడు అది బియ్యపుగింజంత ముక్కలోకి కుదించుకుపోయింది. లైటూ లేజరూ రెండూ కలిసి అగ్గిపెట్టెకు అటూ ఇటూగా ఉండే డబ్బాలో ఇమిడిపోతున్నాయి.

చూపించేది వేరు, చూపేది వేరు

ఎర్రదా పచ్చదా అన్న ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. చీకట్లో మనిషికి ఏం కావాలి? ఎదురుగా ఉన్నది ఏమిటో తెలియాలి. ఆ పని లైటుది. లేజరు చేసేది ఒకటే, గొట్టం ఎటు తిరిగి ఉందో వేలుపెట్టి చూపడం. చుక్క పడినచోట ఉన్నది దొంగా, దొడ్లో గేదా, సెకండ్ షో చూసి గోడ దూకి వచ్చిన తమ్ముడా అన్నది ఆ చుక్క చెప్పదు.

జిమ్ కార్బెట్ పేరు వినే ఉంటారు. గఢ్వాల్ కొండల్లోని రుద్రప్రయాగ దగ్గర 125 మందిని పొట్టనబెట్టుకున్న చిరుతను ఆయన 1926 మే నెలలో కాల్చాడు. మామిడిచెట్టు మీద రాత్రుళ్ళు కాపలా కూచుని, రైఫిల్‌కు బిగించిన టార్చి నొక్కాడు. వెలుగులో చిరుత కనబడింది, గురి కుదిరింది, మీట నొక్కాడు. వెంటనే టార్చి ఆరిపోయింది! వెలిగింది క్షణమే అయినా, ఎదుట ఉన్నదేమిటో ఆయన కళ్ళారా చూశాకే పేల్చాడు. లేజరు పుట్టక ముప్ఫై ఏళ్ళకు పైబడిన ముందుమాట ఇది.

అసలు పిస్తోలుకు ఎలా ఎంచుతారు?

పోలీసులూ, సైనికులూ, లైసెన్సున్నవాళ్ళూ ఏం చూస్తారో చెబుతాను. డమ్మీకైనా ఈ లెక్క తెలిస్తే సీను అబద్ధంలా ఉండదు.

మొదటిది: బిగింపు. గొట్టం కింద గాళ్ళు చెక్కిన పట్టా ఉంటుంది, దాన్ని రైల్ అంటారు. చిన్న పిస్తోలుకు ఆ పట్టా కూడా పొట్టిగానే ఉంటుంది. డబ్బా గొట్టం ముందుకు పొడుచుకు రాకూడదు, బిగించాక కదలకూడదు. పాత రివాల్వర్లకు రైలే ఉండదు. పైగా లైటు బిగిస్తే పాత తోలు ఒర పనికిరాదు, కొత్తది కొలతపెట్టి కుట్టించాలి.

రెండోది: వెలుతురు. డబ్బామీద ల్యూమెన్లు రాస్తారు. స్ట్రీమ్‌లైట్ కంపెనీ చిన్నరకం టి.ఎల్.ఆర్-6 అయితే 100 ల్యూమెన్లు. లైటూ లేజరూ కలిసిన టి.ఎల్.ఆర్-8 అయితే 500. ఇది ఒకే ఒక్క బ్యాటరీతో వెలుగుతుంది. ష్యూర్‌ఫైర్ వారి పెద్ద ఎక్స్300కు రెండు బ్యాటరీలు, వెయ్యి ల్యూమెన్లు. ఎక్కువుంటే మంచిదేగా అంటారేమో! ల్యూమెన్లంటే మొత్తం వెలుతురు. దాన్ని ఒకచోటికి కూడగట్టే బలానికి కాండెలా అని వేరే లెక్కుంది. పెళ్ళిపందిట్లో పెట్రోమాక్స్ చుట్టూ వెలుగిస్తుంది, హాల్లో ప్రొజెక్టరు ఒకేచోటికి కొడుతుంది. తేడా అదీ! ఇక చిన్నగదిలో సున్నం కొట్టిన తెల్లగోడల మధ్య వెయ్యి ల్యూమెన్లు వెలిగిస్తే, ఆ వెలుగు తిరిగొచ్చి వెలిగించినవాడి కళ్ళే బైర్లు కమ్ముతాయి.

మూడోది: స్విచ్చి. ట్రిగ్గర్ వేలు వేరు, స్విచ్చి వేలు వేరు కావాలి. రెండోచేతి బొటనవేలికి అందాలి. కంగారులో ఒకే వేలికి రెండు పనులు అప్పజెబితే ఏది ముందు చేస్తుందో దేవుడికే ఎరుక!

నాలుగోది: రంగు. మన కంటికి 555 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి అన్నిటికన్నా బాగా ఆనుతుంది. అందుకే అంతే శక్తి ఉన్నా ఎరుపుకన్నా పచ్చచుక్క పగటిపూట స్పష్టంగా కనబడుతుంది. పచ్చదానికి ఖరీదు ఎక్కువ, బ్యాటరీ కూడా త్వరగా తినేస్తుంది. చీకట్లో, దగ్గరి దూరంలో ఎరుపు చాలు.

అయిదోది: చుక్క చెప్పే అబద్ధం. లేజరు గొట్టానికి కింద ఉంటుంది. నాలుగు సెంటీమీటర్లు కిందనుకుందాం. పది మీటర్ల దగ్గర చుక్కా తూటా ఒకచోట కలిసేట్టు సరిచేశారు. అప్పుడు అయిదు మీటర్ల దగ్గర తూటా చుక్కకు రెండు సెంటీమీటర్లు పైన తగులుతుంది. ఇరవై మీటర్ల దగ్గర నాలుగు సెంటీమీటర్లు కింద పడుతుంది. సినిమాలో మైలు దూరం నుంచి చుక్క పడినచోటే తూటా దిగుతుందే... అది దర్శకుడి చలవ!

ఇంకో సంగతి. తెరమీద దారంలాగా సాగే ఎర్రటి గీత గాల్లో దుమ్మో పొగో ఉంటేనే కనిపిస్తుంది. శుభ్రమైన గాల్లో చుక్క ఒక్కటే. ఆ గీత కోసమే సెట్లో పొగ యంత్రం పెడతారు.

టార్చిలా వాడితే?

ఇక్కడే అసలు ప్రమాదం. పిస్తోలుకు బిగించిన లైటుతో దేన్ని చూసినా, దానివైపు గొట్టం కూడా తిరుగుతుంది. హీరో ఇల్లంతా అలా వెలుగు తిప్పుతూ వెతుకుతుంటే మనం చప్పట్లు కొడతాం. నిజం ఇంట్లో ఆ వెలుగు మంచమ్మీద అమ్మమీద పడుతుంది, ఉయ్యాల్లో పాపమీద పడుతుంది. వెలుగుతోపాటు గొట్టమూ! అందుకే తెలిసినవాళ్ళు వెతకడానికి జేబులో మామూలు టార్చి వేరే పెట్టుకుంటారు.

2013 ఫిబ్రవరి 14. దక్షిణాఫ్రికా పరుగుల వీరుడు ఆస్కార్ పిస్టోరియస్ రాత్రి చీకట్లో, మూసిన టాయిలెట్ తలుపుమీద నాలుగు తూటాలు పేల్చాడు. లోపలున్నది అతని ప్రియురాలు రీవా స్టీన్‌కాంప్. దొంగనుకున్నానన్నాడతను. తలుపు వెనకాల ఎవరో మనిషి ఉన్నారని తెలిసీ కాల్చావు గనుక అది హత్యేనని 2015 డిసెంబరులో అక్కడి అప్పీలు కోర్టు తేల్చేసింది. ఎంత ఖరీదైన లేజరు ఉన్నా ఆ తలుపుమీద చుక్క పడేదే తప్ప, వెనకాల ఎవరున్నారో చెప్పేదా?

మరి మన కుర్రాళ్ళ సంగతి?

వాళ్ళకు నేను చెప్పింది ఇదీ. లైటు మంచిది కొనండి, లేజరు ఊసే వద్దు. ఆ చుక్కను తర్వాత ఎడిటింగులో గ్రాఫిక్స్‌తో పెట్టండి. కారణాలు మూడున్నాయి.

ఒకటి, కళ్ళు. మా వైపు ఇళ్ళల్లో బేతంచెర్ల బండలు పాలిష్ పట్టి పరుస్తారు. అద్దంలాంటి ఆ బండమీద పడ్డ లేజరు ఎగిరి ఎవరి కంట్లో పడుతుందో తెలీదు. గట్టి లేజరైతే రెటీనా కాలిపోతుంది. రెండు, కెమెరా. లేజరు నేరుగా లెన్సులోకి కొడితే లోపలి సెన్సరు చెడిపోతుంది. అద్దెకు తెచ్చిన కెమెరా అయితే నలుగురి ఇళ్ళల్లోనూ గొడవే! మూడు, ఆకాశం. ఓర్వకల్లులో 2021 నుంచి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరున విమానాశ్రయముంది. సరదాకి పైకి కొట్టిన పచ్చలేజరు దిగుతున్న పైలటు కళ్ళను కమ్మేస్తుంది.

ఇక డమ్మీ పిస్తోలు. 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) లాంటి చిత్రాలు చూసి, మా సీమలో ప్రతివాడి నడుముకూ ఏదో ఒకటి వేలాడుతుంటుందని పైవాళ్ళు అనుకుంటారు. అలాంటిచోట రాత్రిపూట కర్నూలు రోడ్డుమీద నలుగురు కుర్రాళ్ళు పిస్తోలుతో కనబడితే ఎవరైనా షూటింగనుకుంటారా? ముందే పోలీసు స్టేషనులో చెప్పి, గని యజమాని అనుమతి తీసుకుని, ప్లాస్టిక్ డమ్మీతోనే తీయమన్నాను. నిజం తుపాకి అయితే లైసెన్సున్న మామయ్య ఇచ్చినా సరే, ముట్టుకోవద్దన్నాను. 1959 ఆయుధాల చట్టం అందుకు ఒప్పుకోదు.

"ఖాళీదేగదన్నా!" అన్నాడొకడు.

ఖాళీదనుకునే 1993 మార్చిలో 'ది క్రో' షూటింగులో బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ మీదికి పేల్చారు. అంతకుముందు వాడిన డమ్మీ తూటా ముక్క గొట్టంలో ఇరుక్కుని ఉంది. వెనకనుంచి ఉత్తుత్తి తూటా పేలేసరికి ఆ ముక్క దూసుకొచ్చింది. మర్నాటికల్లా ప్రాణం పోయింది. వయసు 28! 2021 అక్టోబరు 21న 'రస్ట్' సెట్లో, భయంలేదని చెప్పి చేతికిచ్చిన రివాల్వర్లో నిజం తూటా ఉంది. ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయింది. అవి పెద్ద పెద్ద చిత్రాలు, ఆయుధాల కోసం ప్రత్యేకంగా మనుషులున్న యూనిట్లు!

కుర్రాళ్ళు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ళలో కెమెరా పట్టేవాడు అన్నాడు: "అట్లయితే అన్నా, హీరో లైటేస్తాడు, వెలుగులో విలన్ బదులు వాళ్ళ చెల్లెలు కనబడుతుంది. వాడు పిస్తోలు దించేస్తాడు. సీను మార్చేద్దాం!"

ఎర్రచుక్క కన్నా ఆ సీనే ఎక్కువ గుండె ఆపుతుందని నా నమ్మకం. సినిమా పూర్తయ్యాక చూసి, ఎలా ఉందో మీకు తప్పక రాస్తాను.